ఈఎస్‌ఐ సిక్‌నెస్ డబ్బులు రావన్నారా? ముందు ఆ 78 రోజులు ఎక్కడున్నాయో వెతకండి

మీ పేస్లిప్‌లో ప్రతి నెలా ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల బీమా కోత కనిపిస్తుంది. 18,000 జీతమైతే 135 రూపాయలు, అంటే 0.75 శాతం. మీ యజమాని తన వాటాగా ఇంకో 3.25 శాతం, 585 రూపాయలు కట్టాలి. ఇంత కడుతున్నాం కదా అని, జబ్బు చేసినప్పుడు ఈఎస్‌ఐ డిస్పెన్సరీ డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్ పట్టుకుని, పనికి వెళ్లలేని రోజులకు ఇచ్చే సిక్‌నెస్ డబ్బుల కోసం ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్తే, కంప్యూటర్లో చూసి "మీకు ఎలిజిబిలిటీ లేదండీ" అంటారు. అప్పుడు ఒళ్లు మండిపోతుంది.

విజయవాడలో చిన్న వర్క్‌షాపులకు, షోరూములకు పీఎఫ్, ఈఎస్‌ఐ లెక్కలు రాసే పని నాది. కౌంటరు దగ్గర గొడవపడి వచ్చేవాళ్లను చూస్తుంటాను. వాళ్లలో చాలామందికి ఏ నెలల కంట్రిబ్యూషన్ (మీ కోత, యజమాని వాటా కలిపి కట్టే డబ్బు) చూసి కాదన్నారో తెలియదు. అది తెలియకుండా ఎంత గట్టిగా అడిగినా ఉపయోగం లేదు. తెలిస్తే మాత్రం, కాదన్న దాంట్లో న్యాయం ఉందో, ఎవరైనా చేసిన తప్పు మీ నెత్తిన పడిందో మీకే అర్థమవుతుంది. ఆ దారిలో ఒక్కో అడుగూ చెప్తాను.

మొదట: కారణం కాగితం మీద అడగండి

నోటిమాటగా "రాదు" అంటే దాని మీద పైకి వెళ్లడానికి ఏమీ ఉండదు. క్లెయిమ్ పెట్టకుండానే కౌంటరులో విని తిరిగి వచ్చేశారనుకోండి, రికార్డు ప్రకారం మీరు అసలు అడగనట్టే. అందుకే ముందు క్లెయిమ్ పెట్టండి. ఈఎస్‌ఐ సైట్లో కార్మికులకు ఉండే ఇన్సూర్డ్ పర్సన్ లాగిన్‌లో ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు. అది రాకపోతే ఆఫీసులోనే ఫారం నింపి ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ తర్వాత తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. మర్యాదగానే అడగండి, కానీ అడిగే తీరండి. కౌంటరులో ఉన్నాయన నియమాలు పెట్టినవాడు కాదు, స్క్రీన్ మీద కనిపించింది చదువుతున్నాడు. ఆ స్క్రీన్ మీదికి ఆ అంకెలు ఎలా వచ్చాయన్నదే మనకు కావాలి.

ఇంకో విషయం. మందులిచ్చేది ఒకరు, డబ్బులిచ్చేది ఒకరు. ఈఎస్‌ఐ డిస్పెన్సరీలు, గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రి రాష్ట్ర ప్రభుత్వ వైద్య విభాగం కింద నడుస్తాయి. సిక్‌నెస్ డబ్బులు మాత్రం కేంద్ర సంస్థ అయిన ఈఎస్‌ఐ కార్పొరేషన్ (ఈఎస్‌ఐసీ) బ్రాంచి ఆఫీసు నుంచి వస్తాయి. "డాక్టరుగారు సర్టిఫికెట్ ఇచ్చారు కదా, మీరెందుకివ్వరు?" అనే ప్రశ్న అందుకే అక్కడ పనిచేయదు. డాక్టరు చెప్పేది మీరు పనికి వెళ్లలేరని. డబ్బుకు అర్హత ఉందో లేదో తేల్చేది బ్రాంచి ఆఫీసు. కొత్తగా చేరినవాళ్లకు మందులు మొదటి నుంచే అందుతాయి, డబ్బులు అందవు. తికమక అక్కడే మొదలవుతుంది.

ఏ ఆరు నెలలు చూస్తారు?

ఇది అర్థమైతే మీ పని సగం అయినట్టే, కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

ఈఎస్‌ఐ సంవత్సరాన్ని రెండు ముక్కలు చేస్తుంది. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా ఒక కంట్రిబ్యూషన్ పీరియడ్, అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా ఇంకొకటి. ఏప్రిల్–సెప్టెంబరులో కట్టినదానికి ఫలితం ఆ వచ్చే జనవరి 1 నుంచి జూన్ 30 దాకా. అక్టోబరు–మార్చిలో కట్టినదానికి ఫలితం ఆ వచ్చే జూలై 1 నుంచి డిసెంబరు 31 దాకా. ఫలితం అందే ఆ ఆరు నెలలనే బెనిఫిట్ పీరియడ్ అంటారు. కట్టడానికీ పొందడానికీ మధ్య మూడు నెలల ఖాళీ ఉంటుంది.

అంటే మీరు 2026 ఫిబ్రవరిలో జబ్బు పడితే ఆ నెల కంట్రిబ్యూషన్ చూడరు, జనవరిదీ చూడరు, డిసెంబరుదీ చూడరు. 2025 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఉన్న ఆరు నెలలే చూస్తారు. ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు మీ పేరు మీద కంట్రిబ్యూషన్ ఉండాలి. 77 ఉన్నా లేనట్టే. "నేను ఇప్పుడు రోజూ పనిలో ఉన్నాను కదా" అన్న మాట ఇక్కడ చెల్లదు. అదే వరసలో, నిరుడు వేసవిలో బాగా పనిచేసి ఈ మధ్య పని తగ్గినవాళ్లకు కూడా ఫిబ్రవరిలో హక్కు ఉంటుంది. ఆ సంగతి చాలామందికి తెలియక అడగనే అడగరు.

జీతం 21,000 దాటినవాళ్లూ ఇలాగే వదిలేసుకుంటారు. ఈఎస్‌ఐ పరిమితి నెలకు 21,000, దివ్యాంగులకు 25,000. పీరియడ్ మధ్యలో జీతం పెరిగి పరిమితి దాటినా, ఆ పీరియడ్ ముగిసేదాకా కోత ఆగదు, ఆగకూడదు. 2025 జూలైలో జీతం పెరిగిందనుకోండి, సెప్టెంబరు దాకా కడతారు, అక్టోబరు నుంచి ఆగిపోతుంది. కానీ ఆ ఏప్రిల్–సెప్టెంబరు కట్టుబడికి తగిన బెనిఫిట్ పీరియడ్ 2026 జనవరి నుంచి జూన్ దాకా ఉంది. ఆ నెలల్లో జబ్బు చేస్తే "మీరు ఈఎస్‌ఐ నుంచి బయటికి వెళ్లిపోయారు" అన్న జవాబు సరిపోదు. ఓవర్‌టైమ్ డబ్బుల వల్ల మాత్రమే 21,000 దాటితే పరిమితి దాటినట్టు కూడా కాదు. ఓవర్‌టైమ్ మీద కంట్రిబ్యూషన్ కోస్తారు, పరిమితి చూసేటప్పుడు మాత్రం దాన్ని కలపరు.

మొట్టమొదటిసారి ఉద్యోగంలో చేరినవాళ్లకు వేరే లెక్క. చేరిన రోజు నుంచి తొమ్మిది నెలలు నిండాకే వాళ్ల బెనిఫిట్ పీరియడ్ మొదలవుతుంది. 2025 ఆగస్టు 11న చేరితే మొదటి కంట్రిబ్యూషన్ పీరియడ్ సెప్టెంబరు 30తో అయిపోతుంది, డబ్బు హక్కు 2026 మే 11న మొదలవుతుంది. ఇంత చిన్న పీరియడ్లో 78 రోజులు రావు కాబట్టి, పని చేయడానికి వీలున్న రోజుల్లో సగానికి కంట్రిబ్యూషన్ ఉంటే చాలు. ఈ లోపు జబ్బు చేస్తే సిక్‌నెస్ డబ్బులు రావు. ఇది నిజంగా ఉన్న నియమమే, ఎవరి తప్పూ కాదు. కాకపోతే మీరు "మొదటిసారి" చేరినవారు అన్నది నిజమో కాదో చూసుకోవాలి. అది కిందికి వచ్చాక చెప్తాను.

ఇప్పుడు మీ రోజులు లెక్కపెట్టండి

ఈఎస్‌ఐసీ సైట్లో ఇన్సూర్డ్ పర్సన్ లాగిన్ తెరవండి. ఫోన్‌లో ఉమాంగ్ యాప్‌లో కూడా ఈఎస్‌ఐసీ సేవలు ఉన్నాయి. మీ 10 అంకెల ఇన్సూరెన్స్ నంబరు ఈఎస్‌ఐ గుర్తింపు కార్డు అయిన ఇ-పెహచాన్ కార్డు మీద ఉంటుంది. పేస్లిప్ మీద కూడా వేస్తారు. లోపల కంట్రిబ్యూషన్ వివరాలు చూడండి. నెల, ఎన్ని రోజులకు జీతం, ఎంత జీతం, ఎంత కంట్రిబ్యూషన్ అని వరసగా వస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి ప్రింటు వేయించుకోండి. నెట్ సెంటర్లో ఎవరికో పాస్‌వర్డ్ చెప్పి వచ్చేయకండి, పక్కనే కూర్చుని చూడండి.

ఒక లెక్క చూద్దాం. ఆటోనగర్‌లో లేత్ షాపులో పనిచేసే ఒకాయనకు ఫిబ్రవరిలో పచ్చకామెర్లు వచ్చాయనుకుందాం. అంతకుముందు గుంటూరు దగ్గర స్పిన్నింగ్ మిల్లులో చేశాడు, జూన్ మధ్యలో ఇక్కడ చేరాడు. స్క్రీన్ మీద ఏప్రిల్ 0, మే 0, జూన్ 14, జూలై 26, ఆగస్టు 0, సెప్టెంబరు 25. మొత్తం 65. కాబట్టి రాదన్నారు. స్క్రీన్ ప్రకారం వాళ్లది తప్పు లేదు.

కానీ ఆగస్టులో ఆయన పనికి వెళ్లాడు. పేస్లిప్‌లో 24 రోజులు ఉన్నాయి, ఈఎస్‌ఐ కోత ఉంది, జీతం బ్యాంకులో పడింది. మరి సున్నా ఎలా వచ్చింది? నెలనెలా చలానా వేసేటప్పుడు ఒక్కో కార్మికుడి పేరు ఎదురుగా రోజులు, జీతం నింపాలి. సున్నా పెడితే పక్కన కారణం ఎంచుకోవాలి: సెలవులో ఉన్నాడు, పని మానేశాడు, పని లేదు, ఇలా. పదిహేనో తేదీ గడువు రోజు సాయంత్రం హడావిడిలో ఎవరో ఆ వరస దాటేశారు, లేదా ఆ నెల చలానా తగ్గించుకోవడానికి కావాలనే సున్నా కొట్టారు. ఆ 24 కలిపితే 89. హక్కు ఉన్నట్టే. ఒక్క నెలలో ఒక్క గడి తప్పితే మూడు వారాల డబ్బు పోయింది.

లెక్కలో ఒక చిన్న సంగతి గుర్తుంచుకోండి. ఇక్కడ రోజులంటే మీరు మిషను ముందు నిలబడ్డ రోజులు మాత్రమే కాదు, జీతం ఇచ్చిన లేదా ఇవ్వాల్సిన రోజులు. జీతంతో కూడిన సెలవు, పండగ సెలవు కూడా అందులోకే వస్తాయి. సంక్రాంతికి మూడు రోజులు జీతంతో సెలవిచ్చి, చలానాలో ఆ మూడూ తీసేస్తే అది తప్పే.

రోజులు ఎక్కడ తప్పిపోతాయి

అన్నిటికంటే ఎక్కువగా తగిలేది రెండు ఇన్సూరెన్స్ నంబర్ల తంటా. ఉద్యోగం మారినప్పుడు పాత నంబరే కొత్త యజమానికి ఇవ్వాలి. మనవాళ్లు చాలామంది ఇవ్వరు. "ఉందో లేదో తెలీదండీ" అంటారు. అక్కడి క్లర్కు కొత్త నంబరు పుట్టించేస్తాడు. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, మిల్లు రికార్డులో ఇంకోలా ఉంటే పాతది దొరకదు కూడా. దీంతో మీ రోజులు రెండు నంబర్ల మధ్య చీలిపోతాయి. ఒకదాంట్లో 40, ఇంకోదాంట్లో 45 ఉంటే రెండింట్లోనూ అర్హత లేదు. పైగా కొత్త నంబరులో మీరు మొదటిసారి చేరినట్టు కనిపిస్తారు కాబట్టి తొమ్మిది నెలల నియమం నెత్తిన పడుతుంది. పదేళ్లుగా కడుతున్న మనిషిని నిన్న చేరినట్టు చూస్తారు.

దీనికి మందు ఉంది. రెండు నంబర్లూ రాసి, రెండూ నావే, ఒకటి చేయండి అని బ్రాంచి ఆఫీసుకు ఉత్తరం ఇవ్వండి. ఆధార్, పాత ఇ-పెహచాన్ కార్డు లేదా పాత పేస్లిప్, ఇప్పటి యజమాని నుంచి ఒక ధ్రువీకరణ జతచేయండి. పాత నంబరు గుర్తులేకపోతే పాత పేస్లిప్పులు, డిస్పెన్సరీ చీటీలు, మందుల పుస్తకం వెతకండి. ఇనప్పెట్టెలో భూమి కాగితాల కింద దొరికినవాళ్లు ఉన్నారు.

తర్వాతిది కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్ల సమస్య. షాపింగ్ మాల్ సెక్యూరిటీ, ఆసుపత్రి హౌస్‌కీపింగ్, ఫ్యాక్టరీ లోడింగ్. జీతం ఇచ్చేది కాంట్రాక్టరు, పని చేసేది మాల్‌లో. కాంట్రాక్టు చేతులు మారినప్పుడల్లా మధ్యలో ఒకటి రెండు నెలలు ఎవరూ కట్టరు. మీరు అదే గేటు దగ్గర అదే యూనిఫాంలో నిలబడి ఉంటారు, రికార్డులో మాత్రం ఖాళీ. అలాంటప్పుడు కాంట్రాక్టరు వెనకాల చెప్పులరిగేలా తిరగక్కర్లేదు. కంట్రిబ్యూషన్ కట్టే బాధ్యత ముందు ప్రధాన యజమానిది, అంటే ఆ మాల్‌ది, ఆ ఆసుపత్రిది. వాళ్లు కట్టి కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. మీ ఉత్తరంలో ఇద్దరి పేర్లూ రాయండి.

గుంటూరు వైపు వాళ్లకు ఇంకొకటి. పత్తి జిన్నింగు, ప్రెస్సింగు మాత్రమే చేసే మిల్లులు సీజనల్ ఫ్యాక్టరీల కిందికి వస్తాయి, వాటికి ఈఎస్‌ఐ వర్తించదు. స్పిన్నింగ్ మిల్లుకు వర్తిస్తుంది. సీజన్లో జిన్నింగులోనూ మిగతా కాలం ఇంకోచోటా చేసేవాళ్లు, జిన్నింగు నెలలు 78లోకి రావని గమనించాలి. అలాగే పదిమంది కన్నా తక్కువ ఉన్న కొట్టు అయితే అసలు చట్టం పరిధిలోనే ఉండకపోవచ్చు. కానీ పేస్లిప్‌లో ఈఎస్‌ఐ అని కోసి, ఎక్కడా కట్టకపోతే అది వేరే కథ. అది నేరం.

కోసి కట్టకపోతే, లేదా తక్కువ కడితే

ఇక్కడే మీకు అసలు బలం ఉంది, ఇక్కడే చాలామంది వెనక్కి తగ్గుతారు. యజమానితో గొడవెందుకులే అని.

మీ జీతంలోంచి కోసిన డబ్బు యజమాని దగ్గర ఉంచిన అప్పగింత సొమ్ము అని చట్టం చెప్తుంది. కట్టకపోతే నమ్మకద్రోహం కిందికి వస్తుంది. అది యజమానికీ కార్పొరేషన్‌కూ మధ్య వ్యవహారం. మీకు నేరుగా పనికొచ్చేది వేరే ఉంది. యజమాని కట్టకపోవడం వల్లే కార్మికుడికి బెనిఫిట్ పోయినా, తగ్గినా, కార్పొరేషన్ ఆ బెనిఫిట్‌ను కార్మికుడికి ఇచ్చి, ఆ మొత్తాన్ని యజమాని దగ్గర వసూలు చేసుకునే అధికారం చట్టంలో ఉంది (పాత 1948 ఈఎస్‌ఐ చట్టంలో అది 68వ సెక్షన్). అంటే "మీ యజమాని కట్టలేదు కాబట్టి రాదు" అన్న మాటతో విషయం ముగిసిపోదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ వెసులుబాటు ఎవరూ తమంతట తాము చూపించరు, మీరే కాగితం మీద అడగాలి.

ఒక్కటి మాత్రం నిజం. వట్టి మాటతో ఇవ్వరు. జీతం ముట్టినట్టు, ఆ రోజులు పనిచేసినట్టు ఆధారం కావాలి. పేస్లిప్, బ్యాంకు స్టేట్‌మెంటులో జీతం జమ, హాజరు పుస్తకం ఫోటో, పీఎఫ్ పాస్‌బుక్‌లో అదే నెల జమ, డ్యూటీ చార్టు వాట్సాప్‌లో పంపిన మెసేజ్, ఏది ఉంటే అది. పీఎఫ్ పాస్‌బుక్‌ను తక్కువగా చూడకండి. యజమాని పీఎఫ్‌కి ఆగస్టులో జీతం చూపించి ఈఎస్‌ఐకి సున్నా చూపిస్తే, అతని రాతే అతనికి ఎదురు నిలుస్తుంది. జీతం చేతికిచ్చే చోట పనిచేసేవాళ్లు కనీసం నెలనెలా హాజరు పేజీ ఫోటో తీసిపెట్టుకోండి.

ముందు యజమానిని మంచిగా అడగడం కూడా దండగ కాదు. నా అనుభవంలో సగం కేసులు గుమాస్తా పొరపాట్లే. అయితే కంట్రిబ్యూషన్ పీరియడ్ ముగిసి గడువు దాటాక యజమాని తనంతట తాను సైట్లో దిద్దలేడు, రీజినల్ ఆఫీసుకు రాసి అనుమతి తెచ్చుకోవాలి. "రేపు చేసేస్తాలే" అన్న మాట నమ్మి కూర్చోవద్దు. రాసిన ఉత్తరం కాపీ అడగండి.

రోజులు సరిపోయినా డబ్బు ఆగితే

అప్పుడు కారణం వేరే చోట ఉంటుంది. జబ్బు మొదలైన తొలి రెండు రోజులకు డబ్బు రాదు, అది నిరీక్షణ కాలం. ఒకసారి బెనిఫిట్ తీసుకుని 15 రోజుల్లోపు మళ్లీ జబ్బు పడితే ఈ రెండు రోజుల కోత ఉండదు. అలాగే యజమాని మీకు జీతంతో సెలవు రాసిన రోజులకు ఈఎస్‌ఐ ఇవ్వదు, కాబట్టి ఆ రోజులను పనికి రానట్టు రాశారా, జీతంతో సెలవు రాశారా అన్నది బ్రాంచి ఆఫీసు యజమానిని అడిగి తేల్చుకుంటుంది. మీ యజమాని ఆ జవాబు పంపకపోవడం వల్లే ఫైలు ఆగిన సందర్భాలు కొండవీటి చాంతాడంత ఉంటాయి. ఫోన్ చేసి పంపించమనండి, అంతే.

ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకున్నవాళ్లకు సర్టిఫికెట్ దగ్గర చిక్కు. డిస్పెన్సరీ డాక్టరు ఇచ్చిన మొదటి సర్టిఫికెట్, మధ్యలో కొనసాగింపు సర్టిఫికెట్లు, చివరిగా పనికి వెళ్లవచ్చని ఫైనల్ సర్టిఫికెట్, ఇవి వరసగా ఉండాలి. అర్ధరాత్రి ఒంట్లో బాగోక దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే, వేరే రకం సాక్ష్యాన్ని కూడా ఒప్పుకునే వీలు నిబంధనల్లో ఉంది. డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, రిపోర్టులు తీసుకుని వీలైనంత త్వరగా డిస్పెన్సరీ డాక్టరుకు చూపించండి. ఎందుకు అక్కడ చేరాల్సి వచ్చిందో ఒక పేజీలో రాసి జతచేయండి. మూడు వారాల తర్వాత తీరిగ్గా వెళ్తే ఎవరికైనా అనుమానమే వస్తుంది.

వచ్చే మొత్తం సగటు రోజు జీతంలో 70 శాతం. 18,000 జీతగాడికి నెలకు 26 రోజుల చొప్పున చలానా వేస్తే సగటు 692 రూపాయలు, బెనిఫిట్ రోజుకు సుమారు 485. అదే జీతానికి 30 రోజులు చూపిస్తే సగటు 600, బెనిఫిట్ 420. ఇరవై రోజుల జబ్బులో రెండు రోజులు పోను 18 రోజులకు, మొదటి లెక్కలో 8,730 వరకు వస్తుంది. అనుకున్నదానికన్నా తక్కువ పడితే గాభరా పడకుండా ముందు ఈ లెక్క వేసి చూడండి. వరసగా రెండు బెనిఫిట్ పీరియడ్లలో కలిపి 91 రోజులకు మించి రాదు.

వేరే ద్వారం ఉందేమో చూడండి

సిక్‌నెస్ కింద రాదన్నంత మాత్రాన ఈఎస్‌ఐలో ఏమీ రాదని కాదు. పనిలో దెబ్బ తగిలితే 78 రోజుల షరతే లేదు. చేరిన మొదటి రోజు వేలు నలిగినా సగటు జీతంలో 90 శాతం వస్తుంది. డ్యూటీకి వెళ్తూ, వస్తూ దారిలో జరిగిన ప్రమాదం కూడా, దానికీ ఉద్యోగానికీ సంబంధం ఉందని తేలితే, ఇందులోకే వస్తుంది. బెంజి సర్కిల్ దగ్గర బైకు జారి కాలు విరిగితే దాన్ని మామూలు జబ్బు కింద క్లెయిమ్ పెట్టి 78 రోజులు లేవనిపించుకున్నవాళ్లు ఉన్నారు. యజమాని ప్రమాద నివేదిక ఇవ్వాలి, ఇవ్వకపోతే మీరే బ్రాంచి ఆఫీసుకు రాయండి. స్పిన్నింగ్ మిల్లుల్లో పత్తి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు కూడా వృత్తి జబ్బుల జాబితాలో ఉంది. ఏళ్ల తరబడి దగ్గుతున్నవాళ్లు దాన్ని వట్టి దగ్గుగా వదిలేయకుండా డాక్టరుకు మీ పని ఏంటో చెప్పండి.

91 రోజులు అయిపోయాయని ఆపేస్తే, జబ్బు పేరు చూడండి. టీబీ, క్యాన్సర్, పక్షవాతం, కిడ్నీ ఫెయిల్యూర్ లాంటి 34 దీర్ఘకాల జబ్బులకు ఎక్స్‌టెండెడ్ సిక్‌నెస్ బెనిఫిట్ ఉంది. 80 శాతం వస్తుంది, అవసరాన్ని బట్టి రెండేళ్ల దాకా పొడిగిస్తారు. దానికి రెండేళ్ల ఉద్యోగం, అంతకుముందు నాలుగు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో 156 రోజులు ఉండాలి. కాన్పు అయితే లెక్క వేరు: ముందున్న రెండు పీరియడ్లలో కలిపి 70 రోజులు చాలు.

పైకి ఎలా వెళ్లాలి

ఉత్తరం చిన్నగా ఉండాలి. తిట్లు, దేశభక్తి, కార్మిక జిందాబాద్ అక్కర్లేదు. ఇలా రాయవచ్చు:

"బ్రాంచి మేనేజరు గారికి. నా ఇన్సూరెన్స్ నంబరు ఫలానా. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జబ్బుతో పనికి వెళ్లలేదు, సర్టిఫికెట్లు ఇచ్చాను. 2025 ఏప్రిల్–సెప్టెంబరులో 65 రోజులే ఉన్నాయని నా క్లెయిమ్ తిరస్కరించారు. ఆగస్టులో నేను 24 రోజులు పనిచేశాను, జీతం తీసుకున్నాను, ఈఎస్‌ఐ కోత కూడా జరిగింది. పేస్లిప్, బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్ కాపీలు జతచేస్తున్నాను. యజమాని తప్పు వల్ల నా బెనిఫిట్ పోకుండా విచారించి, నాకు చెల్లించి, యజమాని నుంచి వసూలు చేసుకోవాలని కోరుతున్నాను. నిర్ణయం రాతపూర్వకంగా తెలియజేయగలరు."

కాపీ విజయవాడలోని ఈఎస్‌ఐసీ రీజినల్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపండి. జవాబు రాకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో పెట్టండి, లేదా ఈఎస్‌ఐసీ టోల్‌ఫ్రీ 1800-11-2526కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. యజమాని ఏ నెల ఎన్ని రోజులు చూపించాడో సైట్లో సరిగా కనిపించకపోతే 10 రూపాయల ఆర్టీఐ దరఖాస్తుతో మీ సొంత రికార్డు అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

అప్పటికీ తేలకపోతే ఈఎస్‌ఐ తగాదాలు తేల్చే ఎంప్లాయీస్ ఇన్సూరెన్స్ కోర్టు. కోర్టనగానే టెన్షన్ పడకండి. పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100. గడువులు మాత్రం గుర్తుంచుకోండి: డబ్బు రావాల్సిన నాటి నుంచి 12 నెలల్లో క్లెయిమ్ పెట్టి ఉండాలి, ఆ మీదట మూడేళ్లలో కోర్టుకు వెళ్లాలి. 1948 చట్టం స్థానంలో 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందుకే మీరు రాసే ఉత్తరంలో సెక్షన్ నంబర్ల మీద ఆధారపడకుండా తేదీలు, రోజులు, ఆధారాలు రాయండి. సెక్షన్లు లాయరు చూసుకుంటారు.

జబ్బుతో సర్టిఫికెట్ మీద ఉన్న రోజుల్లో ఆ కారణంతో మిమ్మల్ని పనిలోంచి తీసేయకూడదని కూడా చట్టంలోనే ఉంది. "ఈఎస్‌ఐకి కంప్లయింట్ పెడితే రేపటి నుంచి రావద్దు" అన్న బెదిరింపు ఫోన్‌లో వస్తే, తేదీ, టైము రాసిపెట్టుకోండి.

అన్నీ చూశాక నిజంగానే 78 రోజులు లేవని తేలితే, క్యాలెండరు ముందుకు తిప్పండి. జబ్బు జూన్ నుంచి జూలైలోకి సాగితే, జూన్ రోజులకు పాత ఏప్రిల్–సెప్టెంబరు చూస్తారు, జూలై 1 నుంచి మొన్నటి అక్టోబరు–మార్చి చూస్తారు. అందులో 78 ఉంటే జూలై 1 నుంచి హక్కు మొదలవుతుంది. జూన్‌లో రాదన్నారు కదా అని సర్టిఫికెట్లు తీసుకోవడం ఆపేసినవాళ్లకు జూలైలో చూపించడానికి కాగితం ఉండదు. డిస్పెన్సరీకి వెళ్లడం మానకండి, ప్రతి సర్టిఫికెట్ కాపీ దాచండి, జూలై మొదటి వారంలో కొత్తగా క్లెయిమ్ పెట్టండి.